తలనొప్పి: సహనంతో పాటు జాగ్రత్త కూడా

మా చిన్నతనంలో రంజాన్ మాసం వచ్చిందంటే మొదటి మూడు నాలుగు రోజులు ఇంట్లో ఒక దృశ్యం తప్పకుండా కనిపించేది. అసర్ నమాజు వేళయ్యేసరికి మా అమ్మగారు చీర కొంగును నుదుటికి గట్టిగా బిగించి కట్టుకుని, ఒక చేత్తో కణత నొక్కుకుంటూ, మరో చేత్తో ఇఫ్తార్ కోసం పకోడీలు వేస్తూ ఉండేవారు. "తల నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగితే, "ఏం లేదు నాయనా, రోజాలో ఇది మామూలే. పుణ్యం ఊరికే వస్తుందా?" అనేవారు. మగ్రిబ్ అజాన్ కాగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, వెంటనే రెండు మాత్రలు మింగి, పెద్ద గ్లాసుతో టీ తాగేవారు. అరగంటకు ఆమె ముఖం తేటపడేది.

పండుగ వెళ్ళిపోయేది. కాని మాత్రలు వెళ్ళిపోలేదు. మొదట వారానికి రెండు రోజులు, తరువాత రోజు విడిచి రోజు, చివరికి ప్రతిరోజూ ఉదయం టీతో పాటు ఒక మాత్ర. కిరాణా కొట్టులో బిస్కెట్ పొట్లం కొన్నట్టు వాటిని తెచ్చి ఇచ్చింది మేమే. ఇలా రెండేళ్ళు గడిచాక ఆమెను ఒక డాక్టరుకు చూపించాము. ఆయన పరీక్ష చేసి, ఒకే ఒక ప్రశ్న అడిగారు: "నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారమ్మా?" మా అమ్మగారు తల దించుకుని, "వేసుకోని రోజు లేదు" అన్నారు. అప్పుడు డాక్టరుగారు మా వైపు తిరిగి, "ఇప్పుడు ఈమెకు వస్తున్న నొప్పి, ఆ మాత్రలు తెచ్చిపెట్టిన నొప్పే" అన్నారు.

ఆ మాట మమ్మల్ని సిగ్గుపడేలా చేసింది. దీన్ చదువు చదువుకున్నాము, సహనం గురించి పది మందికి బోధించాము. కాని ఇంట్లో తల్లి పడుతున్న బాధ ఏమిటో, దానికి కారణమేమిటో తెలుసుకునే ప్రయత్నం చేయలేదు. మన అనేక కుటుంబాలలో పరిస్థితి ఇదే. అందుకే ఈ నెల పాఠంలో తలనొప్పి గురించి మాట్లాడుకుందాం.

సహనం అంటే మందు మానడం కాదు

ముస్లింకు కలిగే అలసట, బాధ, దిగులు, చివరికి కాలికి గుచ్చుకునే ముల్లు కూడా అతని పాపాల ప్రక్షాళనకు కారణమవుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసు. ఈ శుభవార్తను మనం బాగా గుర్తుంచుకున్నాము. కాని ఆయనే (స), ముసలితనం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని, కనుక చికిత్స చేయించుకోమని ఆదేశించారు. ఈ రెండో మాటను మనం మరచిపోతాము.

స్వయంగా దైవప్రవక్త (స) తలనొప్పితో బాధపడ్డారు. ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి) తలనొప్పితో మూలుగుతుంటే, తన తల కూడా నొప్పిగా ఉందని ఆయన (స) అన్నారు. బాధను బాధ అని చెప్పుకోవడం సహనానికి విరుద్ధం కాదని దీని ద్వారా విద్వాంసులు వివరించారు. అంతిమ వ్యాధి రోజులలో ఆయన (స) తలకు గుడ్డ కట్టుకుని మింబర్ ఎక్కి ప్రజలనుద్దేశించి ప్రసంగించారు. మరో సందర్భంలో, ఇహ్రాం స్థితిలో ఉండగానే, మక్కా దారిలో లహ్యు జమల్ అనే చోట తలపై హిజామా చేయించుకున్నారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనంలో దానికి కారణం 'షఖీఖా' అని ఉంది. షఖీఖా అంటే తలలో ఒక పక్క వచ్చే నొప్పి. ఉర్దూలో దీనినే ఆధాసీసీ అంటారు, తెలుగులో పార్శ్వపు నొప్పి, డాక్టర్ల భాషలో మైగ్రేన్.

ఇహ్రాం స్థితి ఎంత పవిత్రమైనదో మనకు తెలుసు. ఆ స్థితిలో కూడా తలనొప్పికి చికిత్సను వాయిదా వేయలేదు. అంతేకాదు, అల్ బఖరా సూరా 196వ ఆయత్‌లో తలకు బాధ ఉన్నవారి ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. హుదైబియా సందర్భంలో హజ్రత్ కఅబ్ బిన్ ఉజ్రా (రజి) తలలో పేలతో తీవ్రంగా బాధపడుతుంటే, ఇహ్రాంలో ఉండి కూడా తల గొరిగించుకోవడానికి అనుమతి లభించింది. దానికి పరిహారంగా మూడు రోజాలు పాటించడం, లేదా ఆరుగురు పేదలకు అన్నం పెట్టడం, లేదా ఒక జంతువును ఖుర్బానీ ఇవ్వడం నిర్ణయించబడింది. బాధ పడుతున్న దాసుని తలను సైతం పట్టించుకున్న షరీఅత్ మనది. ఆ షరీఅత్ పేరు చెప్పి ఇంట్లోవారి బాధను పట్టించుకోకపోవడం ఎంత పొరపాటో ఆలోచించండి.

మీది ఏ రకం తలనొప్పి?

అన్ని తలనొప్పులూ ఒకటి కావు. అందరికంటే ఎక్కువ మందికి వచ్చేది ఒత్తిడి తలనొప్పి. తల చుట్టూ పట్టీ బిగించినట్లు, రెండు పక్కలా నొక్కినట్లు ఉంటుంది. మెడ, భుజాల కండరాలు పట్టేస్తాయి. పని చేసుకోలేనంత తీవ్రత సాధారణంగా ఉండదు. గంటల తరబడి మెడ వంచి కుట్టుమిషను మీద పనిచేసేవారికి, ఫోను చూసేవారికి, లెక్కలు రాసేవారికి, దిగులుతో ఉన్నవారికి ఇది ఎక్కువ. గంటకోసారి లేచి మెడ, భుజాలు కదిలించడం, దీపం వెలుగు సరిగా ఉండేలా చూసుకోవడం, రోజూ అరగంట నడవడం దీనికి మంచి మందు.

రెండోది మైగ్రేన్. తరచుగా తలలో ఒక పక్క, నాడి కొట్టుకున్నట్లు పోటుగా వస్తుంది. మందు వేసుకోకపోతే 4 గంటల నుండి 72 గంటల వరకు ఉండవచ్చు. వికారం, వాంతి, వెలుతురు, శబ్దం భరించలేకపోవడం దీని లక్షణాలు. మెట్లు ఎక్కినా, రుకూ, సజ్దాలకు వంగినా నొప్పి పెరుగుతుంది. కొందరికి నొప్పికి ముందు కొద్దిసేపు కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయి. పురుషులకంటే స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. నెలసరి రోజుల చుట్టూ మరీ ఎక్కువ. కనుక తలుపులు మూసుకుని చీకట్లో పడుకున్న కోడలిని చూసి, "పని తప్పించుకోవడానికి నాటకం" అనే అత్తగార్లు ఒక్క క్షణం ఆగి అల్లాహ్‌కు భయపడాలి. అది నిజమైన వ్యాధి. తల్లికి ఉంటే బిడ్డకు కూడా వచ్చే అవకాశం ఉంది.

ఇక మూడోది, మరో కారణం వల్ల వచ్చే తలనొప్పి. చూపు లోపం, చిగుళ్ళు, పళ్ళ జబ్బులు, జ్వరం, జలుబు, సైనస్ వాపు మొదలైనవి. మదర్సాలో హిఫ్జ్ చదివే రోజులలో మాకు ప్రతి మధ్యాహ్నం తలనొప్పి వచ్చేది. బద్ధకం అనుకుని కొందరు కోప్పడ్డారు కూడా. ఒక ఉస్తాద్ మాత్రం మేము ముస్హఫ్‌ను కళ్ళకు ఎంత దగ్గరగా పెట్టుకుంటున్నామో గమనించి కంటి డాక్టరు దగ్గరికి పంపారు. కళ్ళజోడు పెట్టుకున్న వారానికి ఆ నొప్పి పోయింది. చదువుకునే పిల్లలు తలనొప్పి అన్నప్పుడు ముందు కళ్ళు చూపించండి. నలభై ఏళ్ళు దాటినవారికి దగ్గరి చూపు తగ్గడం సహజం. ఖుర్ఆన్ చదివేటప్పుడు నుదురు నొప్పి పెడుతుంటే వారికీ కళ్ళజోడు అవసరం కావచ్చు.

"నాకు బి.పి. ఉంది, అందుకే తలనొప్పి" అని చాలామంది అనుకుంటారు. నిజానికి రక్తపోటు చాలా ఎక్కువైతే తప్ప తలనొప్పి రాదు. అందువలన తలనొప్పి లేదు కదా అని బి.పి. మాత్ర మానడం కూడా ప్రమాదమే.

నొప్పిని ఇంటికి పిలిచే అలవాట్లు

మైగ్రేన్ ఉన్నవారి మెదడు మార్పును సహించదు. భోజనం వేళ తప్పడం, నీరు తక్కువ తాగడం, నిద్ర తగ్గడం, సెలవు రోజున మరీ ఎక్కువ నిద్రపోవడం, ఎండలో గొడుగు లేకుండా తిరగడం, ఘాటైన అత్తరు, ఊదు పొగ, పెళ్ళి పందిట్లో పెద్ద శబ్దాలు, ఇవన్నీ నొప్పిని రేపగలవు. కొందరు స్త్రీలకు తలస్నానం చేసి తడి జుట్టు ఆరకుండానే ముడి వేసుకుంటే కూడా నొప్పి వస్తుంది. అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు. ఎవరికి ఏది పడదో వారే కనిపెట్టాలి.

దీనికి ఒక సులభమైన పద్ధతి ఉంది. ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. నొప్పి వచ్చిన తేదీ, మొదలైన వేళ, ఎంతసేపు ఉంది, ఆ రోజు ఏం తిన్నారు, ఎంత నిద్రపోయారు, నెలసరి ఎప్పుడు, ఏ మాత్ర వేసుకున్నారు, ఇవి రాయండి. రెండు నెలలు రాస్తే కారణం మీకే కనిపిస్తుంది. డాక్టరుకు ఆ పుస్తకం చూపిస్తే చికిత్స సులభమవుతుంది.

దైవప్రవక్త (స) ఇషాకు ముందు నిద్రపోవడాన్ని, ఇషా తరువాత అనవసరమైన కబుర్లను ఇష్టపడేవారు కాదు. మధ్యాహ్నం కాసేపు ఖైలూలా చేయడం సహాబాల అలవాటు. పగలంతా రోజా, రాత్రంతా నమాజుతో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ని పిలిచి, నీ శరీరానికి, నీ కంటికి కూడా నీపై హక్కు ఉందని ఆయన (స) బోధించారు. ఆరాధన కోసం మేల్కొన్న సహాబీకే ఈ మాట చెప్పబడితే, ఫోను కోసం రాత్రి ఒంటి గంట వరకు మేల్కొనే మన సంగతి ఏమిటి?

రంజాన్‌లో తలనొప్పి ఎందుకు?

మా అమ్మగారి కథకు తిరిగి వద్దాం. రోజా తలనొప్పి గురించి వైద్యులు ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. ఎనిమిది గంటలకు మించి ఆహారం లేకుండా ఉన్నప్పుడు వచ్చి, తిన్న తరువాత 72 గంటల లోపు తగ్గే నొప్పికి అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో విడిగా ఒక పేరే ఉంది. 2018లో రంజాన్ మే, జూన్ నెలలలో వచ్చినప్పుడు హైదరాబాదులో రోజా 14 గంటలు దాటింది. ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చినప్పుడు అది సుమారు 13 గంటలు. ఉదయం అయిదుంబావుకు సహరీ ముగిస్తే ఎనిమిది గంటలు పూర్తయ్యేది జుహర్ వేళకు. అక్కడి నుండి మగ్రిబ్ వరకు నొప్పికి అవకాశం పెరుగుతూ పోతుంది. రక్తంలో చక్కెర తగ్గడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఆకలి, నీటి కొరత, నిద్ర లేమి, టీ లేకపోవడం, ఈ నాలుగూ కలుస్తాయి.

వీటిలో టీని మనం తక్కువగా అంచనా వేస్తాము. టీ, కాఫీలలో కెఫీన్ అనే పదార్థం ఉంటుంది. ఒక మామూలు కప్పు టీలో ఇది సుమారు 30 నుండి 50 మిల్లీగ్రాములు. రోజుకు వంద మిల్లీగ్రాములకు అలవాటు పడినవారికి కూడా, అది ఆగగానే తలనొప్పి రావచ్చు. అంటే మూడు కప్పులు చాలు. చివరి కప్పు తాగిన 12 నుండి 24 గంటల లోపు నొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజులకు తీవ్రమవుతుంది, రెండు నుండి తొమ్మిది రోజులలో తగ్గిపోతుంది. మా అమ్మగారు రోజుకు అయిదు సార్లు టీ తాగేవారు. ఆమె నొప్పి మొదటి మూడు నాలుగు రోజులే ఎందుకు ఉండేదో, ఇఫ్తార్ తరువాత టీ పడగానే ఎందుకు పోయేదో ఇప్పుడు అర్థమవుతుంది. పొగ తాగేవారికి నికోటిన్ లేకపోవడం వల్ల చిరాకు, తలనొప్పి దీనికి తోడవుతాయి. వారికి రంజాన్ ఆ అలవాటును పూర్తిగా మానడానికి అల్లాహ్ ఇచ్చిన అవకాశం.

కనుక రంజాన్ ఏర్పాట్లు షాబాన్ నెల మధ్య నుండే మొదలు కావాలి. శనగపిండి, సేమియా, ఖర్జూరం కొని పెట్టుకోవడం ఒక్కటే ఏర్పాటు కాదు. రెండు మూడు రోజులకోసారి ఒక అర కప్పు చొప్పున టీ తగ్గించుకుంటూ రండి. ముందు సాయంత్రపు టీ, తరువాత పదకొండు గంటల టీ మానండి. రంజాన్ నాటికి ఒక కప్పు మిగిలితే చాలు. ఇలా చేస్తే మొదటి రోజా హాయిగా గడుస్తుంది, ఇన్షా అల్లాహ్.

సహరీని వదలకండి. సహరీలో శుభం ఉందని దైవప్రవక్త (స) తెలిపారు. దానిని ఆలస్యంగా చేయడమే సున్నత్. ఆయన (స) సహరీకి, ఫజ్ర్ నమాజుకు మధ్య సుమారు యాభై ఆయత్‌లు పఠించేంత వ్యవధి ఉండేదని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తెలిపారు. రాత్రి పదకొండింటికే తిని పడుకునేవారికి రోజా ఆరు గంటలు ఎక్కువవుతుందని గ్రహించండి. నెమ్మదిగా అరిగే ఆహారం తీసుకోండి: గోధుమ రొట్టె, పప్పన్నం, గుడ్డు, పెరుగు, అరటిపండు. ఊరగాయ, అప్పడం, ఉప్పు చేపలు దాహాన్ని పెంచుతాయి. సహరీలో టీ తప్పనిసరి అనుకునేవారు ఒక చిన్న కప్పుతో సరిపెట్టి, దానితో పాటు రెండు గ్లాసుల నీళ్ళు తాగాలి.

ఇఫ్తార్‌ను ఆలస్యం చేయకుండా ఖర్జూరంతో, అది లేకపోతే నీళ్ళతో విరమించడం సున్నత్. ఆ తరువాత కడుపు నిండా నూనె పదార్థాలు తినడం సున్నత్ కాదు. ఇఫ్తార్ నుండి సహరీ వరకు సుమారు ఎనిమిది గ్లాసుల నీళ్ళు కొద్దికొద్దిగా తాగండి. చివరి పది నిమిషాలలో ఒకేసారి తాగిన నీరు మూత్రంగా వెళ్ళిపోతుంది. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం నీటి పరిమాణం డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తరావీహ్ తరువాత బజార్లకు వెళ్ళకుండా పడుకోవాలి. జుహర్ తరువాత అరగంట ఖైలూలా చేయాలి.

ఒక మాట పురుషులకు. అందరికంటే ముందు లేచేది, అందరికంటే చివర తినేది, మండే పొయ్యి దగ్గర నిలబడేది ఇంటి ఆడవారు. వడ్డించే హడావుడిలో సహరీలో నీళ్ళు తాగడానికి వారికి సమయం మిగలదు. దైవప్రవక్త (స) ఇంటి పనులలో భార్యలకు సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఇఫ్తార్‌లో ఒక రకం వంటకం తగ్గితే దస్తర్‌ఖాన్‌కు లోటు రాదు. ఇంట్లో ఒకరి తలనొప్పి మాత్రం తగ్గవచ్చు.

మాత్రే నొప్పిగా మారినప్పుడు

అప్పుడప్పుడు వచ్చే నొప్పికి మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. పారాసిటమాల్ పెద్దవారికి రోజుకు 4 గ్రాములు మించకూడదు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. ఇది గరిష్ఠ హద్దు, అంత వేసుకోమని కాదు. కాలేయం జబ్బు ఉన్నవారికి ఈ హద్దు ఇంకా తక్కువ. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో పుండు పడవచ్చు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను కూడా దెబ్బతీయగలవు. రోజాదారులు ఈ విషయం బాగా గుర్తుంచుకోవాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. గర్భిణులు డాక్టరును అడగకుండా ఏ మాత్రా వేసుకోకూడదు.

పారాసిటమాల్ వంటి మామూలు మాత్రలను నెలలో 15 రోజులు, లేదా రెండు మూడు మందులు కలిపిన మాత్రలను, మైగ్రేన్ ప్రత్యేక మాత్రలను నెలలో 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ మందే రోజువారీ తలనొప్పికి కారణం కావచ్చు. షాపుల్లో దొరికే కొన్ని తలనొప్పి మాత్రలలో కెఫీన్ కూడా కలిపి ఉంటుంది. టీ మానిన మనిషి మాత్ర రూపంలో మళ్ళీ దానినే మింగుతున్నాడన్నమాట. వారానికి రెండు రోజులకు మించి నొప్పి మాత్ర అవసరమవుతోందంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సమయం వచ్చినట్లే.

మా అమ్మగారి చేత డాక్టరుగారు మాత్రలు మాన్పించారు. మొదటి పది రోజులు నొప్పి మరింత పెరిగింది. ఆ పది రోజులు వంట మేమూ, మా అక్కయ్యా చూసుకున్నాము. పదకొండో రోజు ఉదయం ఆమె కణతలు పట్టుకోకుండా ఫజ్ర్ నమాజుకు లేచారు. ఆ తరువాత నెలకు ఒకటి రెండు సార్లే నొప్పి వచ్చేది. అందరికీ ఇంత త్వరగా తగ్గకపోవచ్చు. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మందులు వాడేవారు ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. మైగ్రేన్ నెలలో నాలుగైదు రోజులకు మించి వస్తుంటే, నొప్పి రాకుండా ఆపే మందులు ఉన్నాయి. వాటిని రోజుకు ఒకటి రెండు సార్లు, సహరీలోనో ఇఫ్తార్ తరువాతో వేసుకునేలా డాక్టరుగారు సర్దగలరు. రంజాన్‌కు నెల ముందే వెళ్ళి అడగండి.

స్త్రీలు మరో విషయం గమనించాలి. రోజాల కోసమో, హజ్ కోసమో నెలసరిని వాయిదా వేసే హార్మోను మాత్రలు కొందరు అడిగి తెచ్చుకుంటారు. కళ్ళ ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవారు డాక్టరుకు చెప్పకుండా వీటిని ముట్టుకోకూడదు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు అలాంటివారిలో పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతాయి. నెలసరి రోజులలో రోజా మినహాయింపు అల్లాహ్ ఇచ్చినదే.

రోజా, నమాజులకు సంబంధించిన మసాయిల్

తలనొప్పి ఉన్నవారు తరచుగా అడిగే విషయాలను క్లుప్తంగా చెబుతున్నాము.

నుదుటికి బామ్ రాసుకోవడం, తడి గుడ్డ వేసుకోవడం, తల మీద నీళ్ళు పోసుకోవడం వల్ల రోజా భంగం కాదు. మాత్ర మింగితే భంగమవుతుంది. మందు వేసిన ఆవిరిని కావాలని పీల్చడం హనఫీ విద్వాంసుల ప్రకారం రోజాను భంగపరుస్తుంది. వ్యాధి చికిత్సకు ఇచ్చే ఇంజెక్షన్ వల్ల రోజా పోదని నేటి విద్వాంసులలో అత్యధికుల అభిప్రాయం. మైగ్రేన్‌లో వాంతి దానంతట అదే అయితే రోజా నిలిచే ఉంటుంది. వేలు పెట్టి కావాలని వాంతి చేసుకుంటే ఖజా చేయాలి. వేలి నుండి రక్తం తీసి చక్కెర పరీక్ష చేసుకోవడం వల్ల రోజా పోదు. మధుమేహం ఉన్నవారికి తలనొప్పితో పాటు చెమటలు, వణుకు వస్తే వెంటనే పరీక్షించాలి. చక్కెర 70 కంటే తగ్గితే రోజా విరమించాలి.

నొప్పి భరించలేనంతగా ఉంటే, లేదా రోజా వల్ల వ్యాధి పెరుగుతుందని అనుభవం ద్వారానో, నమ్మకమైన డాక్టరు మాట ద్వారానో తెలిస్తే, రోజా విరమించి తరువాత ఖజా చేయవచ్చు. దీనికి కఫ్ఫారా లేదు. వ్యాధిగ్రస్తులకు, ప్రయాణికులకు ఈ వెసులుబాటు అల్ బఖరా సూరా 184, 185 ఆయత్‌లలోనే ఉంది. అల్లాహ్ మీకు సౌలభ్యాన్ని కోరుతున్నాడు, కష్టాన్ని కాదు అన్న భావం అక్కడే తెలుపబడింది. అయితే కొద్దిపాటి నొప్పిని సాకుగా చేసుకోవడం కూడా తగదు. ఎవరి స్థితి ఏమిటో వారి మనస్సుకు, అల్లాహ్‌కు తెలుసు.

వంగితే తల పగిలిపోయేంత నొప్పి ఉన్నప్పుడు కూర్చుని సైగలతో నమాజు చేయవచ్చు. సజ్దాకు రుకూ కంటే కాస్త ఎక్కువగా వంగాలి. నిలబడలేనివారు కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పడుకుని నమాజు చేయమని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించారు.

హిజామా చేయించుకోదలచినవారు శిక్షణ పొందినవారి దగ్గర, ఒక్కసారే వాడి పారేసే బ్లేడ్లతోనే చేయించుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు దూరంగా ఉండాలి. రోజాలో నీరసం వస్తుందనుకుంటే రాత్రికి వాయిదా వేసుకోవాలి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

ఈ గుర్తులు కనిపిస్తే ఇంట్లో మాత్రలు, కషాయాలు ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పిడుగు పడినట్లు క్షణాలలో తీవ్రమయ్యే నొప్పి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం. మూతి వంకరపోవడం, చేయి, కాలు పట్టు తప్పడం, మాట తడబడటం. చూపు మందగించడం, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టడం. ఫిట్స్ రావడం, స్పృహ తప్పడం. తలకు దెబ్బ తగిలిన తరువాత పెరిగే నొప్పి, వాంతులు. గర్భిణికి, బాలింతకు వచ్చే తీవ్రమైన తలనొప్పి. యాభై ఏళ్ళు దాటాక మొదటిసారిగా మొదలైన నొప్పి. దగ్గినప్పుడు, ఉదయం లేవగానే ఎక్కువవుతూ రోజురోజుకూ పెరిగే నొప్పి.

పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు ఇవ్వవలసి ఉంటుంది. కనుక ప్రతి నిమిషమూ విలువైనదే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలలోనూ 108కు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. ఇటువంటి సమయంలో రోజా గురించి సందేహించవద్దు. ప్రాణ రక్షణ షరీఅత్ ముఖ్య ఉద్దేశాలలో ఒకటి.

దుఆ, దవా రెండూ

కొన్ని ఇళ్ళలో యువతికి మైగ్రేన్ రాగానే దిష్టి అని, జిన్ను పట్టిందని ఆమిల్‌ల చుట్టూ తిప్పుతారు. తాయెత్తులకు, ధూపాలకు వేల రూపాయలు ఖర్చవుతాయి. ఆ పొగకే నొప్పి రెట్టింపవుతుంది. నెలలు గడిచిపోతాయి. దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతి ఎంతో సరళమైనది. ఒంట్లో నొప్పి ఉందని చెప్పుకున్న హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)కు, నొప్పి ఉన్న చోట చేయి పెట్టి మూడు సార్లు బిస్మిల్లాహ్ అని, ఏడు సార్లు అల్లాహ్ శరణు కోరే దుఆ పఠించమని బోధించారు. ఇది ముస్లిం గ్రంథంలో ఉంది. దీనికి ఆమిల్ అవసరం లేదు, డబ్బు అవసరం లేదు. తల్లి తన బిడ్డ నుదుటి మీద చేయి పెట్టి తానే చదవవచ్చు. చదివి, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. దుఆ మందుకు అడ్డు కాదు, మందు తవక్కుల్‌కు అడ్డు కాదు. స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. మందును సృష్టించినవాడు కూడా ఆయనే.

ప్రియ సోదర సోదరీమణులారా! ఈ రాత్రి మీ ఇంట్లో అందరినీ ఒక్కసారి అడగండి: "మీలో ఎవరికైనా తరచుగా తలనొప్పి వస్తోందా? నెలలో ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారు?" మేము ఆ ప్రశ్నను రెండేళ్ళు ఆలస్యంగా విన్నాము, అదీ డాక్టరుగారి నోట. మీరు ఆలస్యం చేయకండి. "ఏం లేదు, మామూలే" అని జవాబు వస్తే దానితో సరిపెట్టుకోకుండా ఇంకోసారి అడగండి.

వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థతను ప్రసాదించుగాక! మన తల్లుల, భార్యల, బిడ్డల బాధను గుర్తించే కళ్ళను మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.